గిరీశం నచ్చాడు, సుబ్బయ్య ఎందుకు నచ్చడు?

క్లుప్తంగా: నవలలో ముఖ్యపాత్ర మీద చిరాకు పుట్టిందంటే ఆ పాత్ర చేసిన తప్పులే కారణమని అనుకోనక్కర్లేదు. కథ ఎవరి నోట వింటున్నాం, ఆ మనిషి పక్కన ఎంతసేపు కూర్చోవాలి, ఆ పాత్ర ఆడా మగా, చదివేవారి సొంత భయాలకు ఎంత దగ్గరగా వచ్చింది అనేవి అంతకంటే ఎక్కువ పని చేస్తాయి. దీనికి ఉదాహరణల కోసం దూరం పోనక్కర్లేదు, ‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశం, ‘అల్పజీవి’ నవలలో సుబ్బయ్య మొదలుకొని ఉత్తరాంధ్ర సాహిత్యంలోనే కావలసినన్ని ఉన్నాయి.

‘కనెక్ట్ కాలేదు’ అనే మాట

“నవల బాగానే రాశారు గానీ హీరో నచ్చలేదండీ, మధ్యలో ఆపేశాను.” శ్రీకాకుళంలోనైనా, విజయనగరంలోనైనా పుస్తకాలు చదివే నలుగురు ఒకచోట చేరితే ఈ మాట ఏదో ఒక రూపంలో వినపడుతుంది. కాలేజీ పిల్లలైతే ‘క్యారెక్టర్‌తో కనెక్ట్ కాలేదు’ అంటారు. పెద్దవాళ్లు ‘వాడి గొడవ మనకెందుకు’ అని తేల్చేస్తారు.

గ్రంథాలయంలో నలభై, యాభై ఏళ్ల నాటి నవల కాపీ తీసి చూస్తే ఇదే తీర్పు మార్జిన్లలో పెన్సిల్‌తో రాసి ఉంటుంది. మొదటి పేజీల్లో మంచి వాక్యాల కింద గీతలుంటాయి. యాభయ్యో పేజీ దాటేసరికి ‘వీడికి సిగ్గు లేదు’, ‘రెండు తగిలించాలి’ అనే రాతలు మొదలవుతాయి. ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉంటాయి. అక్కడ చదవడమే ఆగిపోయిందో, రాయడం ఒక్కటే ఆగిందో ఆ పెన్సిల్ పట్టినవారికే తెలియాలి.

ఈ చిరాకులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. ఈ మనిషి మంచివాడా అనేది మొదటిది. ఈ మనిషితో కాసేపు గడపాలనిపిస్తోందా అనేది రెండోది. బయట లోకంలో ఈ రెండూ ఒకటి కావని అందరికీ తెలుసు. వీధిలో సగం మందికి బాకీ ఉన్న కబుర్ల రాయుడు అరుగెక్కితే చుట్టూ జనం మూగుతారు. ఎవరికీ పైసా బాకీ లేని నసమనిషి వస్తుంటే పక్క సందులోకి తప్పుకుంటారు. పుస్తకం చేతిలోకి తీసుకున్నాక మాత్రం ఈ తేడా ఎందుకో మరిచిపోయి, నచ్చని మనిషిని చెడ్డమనిషిగా, చెడ్డమనిషి కథను చెడ్డ పుస్తకంగా లెక్క వేసేస్తారు.

బొంకులదిబ్బ మీద మోసగాడు

నవల కాకపోయినా ఈ విషయంలో ‘కన్యాశుల్కం’తో మొదలుపెట్టడమే న్యాయం. 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శించిన ఆ నాటకాన్ని గురజాడ 1897లో అచ్చువేశారు. బాగా పెంచి తిరగరాసిన రూపం 1909లో వచ్చింది. తెర లేచేసరికి విజయనగరంలోని బొంకులదిబ్బ మీద గిరీశం ఒక్కడే ఉంటాడు. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి వేశ్య మీద ఖర్చుపెట్టేసిన సంగతి తన నోటితోనే బయటపెడతాడు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. పైగా ఆ డబ్బు తిండి పెట్టిన మనిషిది.

ఇంత తెలిశాక ప్రేక్షకుడికి అతని మీద కోపం రావాలి, కానీ రాదు. శిష్యుడు వెంకటేశం రావడం, అతని వెంట ఊరు దాటేయాలని గిరీశం పన్నాగం పన్నడం చూస్తూ జనం ముందుకు వంగి కూర్చుంటారు. 1955లో ఈ నాటకం సినిమా అయినప్పుడు గిరీశం వేషం వేసింది ఎన్.టి.రామారావు. జనం నెత్తిన పెట్టుకున్న నటుడు ఒక మోసగాడిగా కనిపించడానికి ఒప్పుకున్నాడంటే, ఆ మోసగాడికి జనంలో ఎంత చనువుందో తెలుస్తుంది.

గిరీశంలో పాఠకుణ్ణి పట్టి ఉంచేవి రెండు. అతనికి ప్రతి పేజీలోనూ ఏదో ఒకటి కావాలి: పూట గడవాలి, అప్పులవాళ్ల నుంచి తప్పించుకోవాలి, వెంకటేశం అక్క, చిన్నవయసులోనే భర్త పోయిన బుచ్చమ్మ దృష్టిలో పడాలి. ఏదో కావాలనుకునే మనిషి వెంట కథ తనంతట తానే పరిగెడుతుంది. అది దొరుకుతుందా లేదా అన్న ఆత్రం, దొరకడం న్యాయమా అన్న ఆలోచన కంటే ముందు పుడుతుంది. ఇక రెండోది, అతను తన బతుకును చూసి తానే నవ్వగలడు. తన మీద తానే జోక్ వేసుకునేవాణ్ణి మరొకరు తిట్టడం కష్టం. తిట్టబోయేసరికి ఆ తిట్టు అతనే అనేసి ఉంటాడు.

ఏ తప్పూ చేయని సుబ్బయ్య

ఇప్పుడు పక్కన రాచకొండ విశ్వనాథశాస్త్రి నవల ‘అల్పజీవి’ పెట్టి చూడాలి. రావిశాస్త్రిగా అందరికీ తెలిసిన ఈయన 1922లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖపట్నంలో ప్లీడరుగా పనిచేశారు. 1950ల్లో వచ్చిన ఆయన తొలి నవల ఇది. ఇందులో సుబ్బయ్య ఓ చిన్న గుమాస్తా. గిరీశంలా ఎవరి కొంపా ముంచడు. భయపడతాడు, అంతే. పైవాడికి భయం, పక్కవాడికి భయం, గొంతు పెంచిన ప్రతివాడికీ భయం. ఎవరినీ గట్టిగా అడగలేడు, ఎవరికీ కాదని చెప్పలేడు.

పాపపుణ్యాల లెక్కలో సుబ్బయ్య గిరీశం కంటే వెయ్యి రెట్లు మెరుగు. అయినా ‘చదవలేకపోయాను’ అన్న ఫిర్యాదు వచ్చేది సుబ్బయ్య మీదే. ఎమ్మార్వో ఆఫీసులో కిటికీ ముందు కాగితాలు పట్టుకుని, లోపలున్నవాడు తలెత్తేదాకా గొంతు సవరించుకోవడానికి కూడా జంకిన రోజు చాలామంది బతుకుల్లో ఒకటుంటుంది. ఇంటికొచ్చాక ఆ సంగతి ఎవరికీ చెప్పరు. సుబ్బయ్య ఆ రోజును నవల పొడవునా గుర్తు చేస్తూ ఉంటాడు. ‘వీడికి వెన్నెముక లేదు’ అని పాఠకుడు అనే మాటలో సగం విసుగు సుబ్బయ్య మీద, మిగతా సగం తన మీద తనకే.

కథ నడకలోనూ తేడా ఉంది. గిరీశం ఏదో ఒకటి కావాలని పరిగెత్తుతాడు. సుబ్బయ్య ఏదీ తన మీదికి రాకూడదని ముడుచుకుంటాడు. ‘ఇప్పుడైనా తిరగబడతాడా’ అని పాఠకుడు ఎదురుచూస్తూ పోతాడు. ఆ ఎదురుచూపుకి తగిన ప్రతిఫలం త్వరగా దొరకదు.

సుబ్బయ్య ఒంటరివాడు కూడా కాదు. 1940ల్లో గోపీచంద్ రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు, అదే దశాబ్దంలో బుచ్చిబాబు రాసిన ‘చివరకు మిగిలేది’లో దయానిధి, 1969లో నవీన్ ‘అంపశయ్య’లో రవి, అందరూ ఈ బాపతే. చేతల కంటే ఆలోచనలు ఎక్కువ. ఒక పాతికేళ్ల లోపు ఇంతమంది వరుసకట్టడానికి కారణాలు కనిపెట్టడం కష్టం కాదు. చదువుకున్న మధ్యతరగతి ఉద్యోగాల కోసం పట్నాలకు చేరుతోంది. ఉమ్మడి కుటుంబం ఇచ్చిన ధీమా సడలుతోంది. ఇంగ్లీషు చదువుల వెంట మనస్తత్వవేత్త ఫ్రాయిడ్, నవలాకారుడు జేమ్స్ జాయిస్ వచ్చారు. మనిషి ఏం చేశాడన్న దానికన్నా, చేయకుండా ఆగిపోయినప్పుడు లోపల ఏం జరిగిందన్నది రాయదగ్గ సంగతి అయింది. పాత్ర తలలో మెదిలే ఆలోచనల్ని మెదిలిన వరసలోనే రాసుకుపోయే పద్ధతి, చైతన్య స్రవంతి అని విమర్శకులు పిలిచేది, అక్కడ అక్కరకొచ్చింది. కానీ ఆ పద్ధతిలో పాఠకుడికి దాక్కునే చోటు దొరకదు. బయట నిలబడి చూస్తే పిరికివాడి మీద జాలి కలుగుతుంది. అతని బుర్రలోనే కూర్చోబెడితే ఊపిరాడదు.

కాంప్లెక్స్‌లో పలాస బస్సు

చెప్పే తీరు మారితే ఒకే పని ఎంత వేరుగా కనిపిస్తుందో ఓ చిన్న కల్పనతో చూడవచ్చు. సాయంత్రం శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పలాస బస్సు ఆగింది. ఒకతను కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టాడు. గంపతో ఎక్కిన ఒక ముసలమ్మ అతని పక్కనే రాడ్ పట్టుకుని నిలబడింది.

మొదటి తీరు: “అతను తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ముసలమ్మ గంపని కాళ్ల మధ్య పెట్టుకుంది. అతను కిటికీ వైపు తిరిగాడు.” ఇంతే చెబితే మనిషి మీద గట్టి కోపం వస్తుంది.

రెండో తీరు: “పొద్దున్నుంచి సిమెంటు బస్తాలు దింపిన నడుం. టెక్కలి వచ్చేదాకా కళ్లు మూసుకుంటే చాలు. ముసలమ్మ గంప అంచు అతని మోకాలికి తగిలింది. చూడకూడదనుకున్నాడు. చూస్తే లేవాలి.” చేసిన పని అదే, కోపం మాత్రం సగమైంది. ‘చూస్తే లేవాలి’ అన్న ఒక్క ముక్కతో అతనికి తప్పు తెలుసని అర్థమైంది. తప్పు తెలిసి చేసేవాణ్ణి పాఠకుడు ఎలాగోలా భరిస్తాడు.

మూడో తీరు: “ముసలివాళ్లకు నిలబడడం అలవాటే. మా అమ్మా అంతే, కూర్చోమన్నా కూర్చునేది కాదు. నేను లేస్తే ఇంకెవడో కుర్రాడు వచ్చి కూర్చుంటాడు, ఆవిడకి దక్కదు. అందుకే లేవలేదు.” ఇక్కడ అతనే చెబుతున్నాడు, తెలివిగా కూడా చెబుతున్నాడు. సరేలే అనిపించి, మరుక్షణం ఏదో తేడాగా ఉందే అని అనుమానం వేస్తుంది. మాట అతనిది. ముసలమ్మ ఏమనుకుందో ఎక్కడా రాదు.

ఈ మూడో తీరుకి సాహిత్య విమర్శలో ఒక పేరుంది. అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1961లో ‘నమ్మదగని కథకుడు’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. కథ చెప్పేవాడి మాటకూ, పుస్తకం మనకు చూపిస్తున్న దానికీ మధ్య ఎడం ఉంటుంది, ఆ ఎడాన్ని పాఠకుడే పసిగట్టాలి. 1955లో వచ్చిన నబకోవ్ నవల ‘లోలిత’లో పసిపిల్లను చెరబట్టినవాడు అందమైన భాషలో తన కథ తానే చెబుతాడు. ఆ భాషకు తలూపిన పాఠకుడు కాసేపయ్యాక తన తలూపు చూసి తానే సిగ్గుపడతాడు. నవల చేయదలచిన పనే అది. అలాంటి పుస్తకం గురించి ‘హీరో నచ్చలేదు’ అనడం, కారం తిని కారంగా ఉందని ఫిర్యాదు చేయడం లాంటిది.

బొబ్బిలి కథ ఎవరు పాడుతున్నారు

విజయనగరం జిల్లావాళ్లకు ఈ కిటుకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే, ఈ పేరుతో తెలియదంతే. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం విజయరామరాజు కలిసి దాడి చేశారు. కోట పడిపోయింది. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలోకి చొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు. పని ఒక్కటే చూస్తే అది చీకట్లో చేసిన హత్య. కానీ కథ పాడినవాళ్లు బొబ్బిలి పక్షాన నిలబడి పాడారు. కోటలో ఆడవాళ్లూ పిల్లలూ ఏమైపోయారో ముందు చెప్పి, ఆ తర్వాతే పాపారాయుణ్ణి గుడారం దగ్గరికి తీసుకెళ్తారు. వినేవాడు అప్పటికే అతని వెంట నడుస్తుంటాడు. ఇప్పుడు ఆ రెండు ఊళ్లూ ఒకే జిల్లాలో ఉన్నాయి. విజయరామరాజు గుడారం లోపలి నుంచి అదే రాత్రిని ఎవరైనా నవలగా రాస్తే, పాపారాయుడు నచ్చని పాత్ర కావడానికి ఒక్క అధ్యాయం చాలు.

దుర్యోధనుడికి వన్స్‌మోర్

నచ్చని నాయకుడు మనకు కొత్త అన్న మాట నిలవదు. పాత అలంకార శాస్త్రం నాయకుల్లో గంభీరుడైన ధీరోదాత్తుడితో పాటు ధీరోద్ధతుణ్ణీ చేర్చింది. అహంకారం, ఈర్ష్య, మాయ ఉన్నవాడు కూడా నాయకుల వరుసలోనే కూర్చున్నాడు. జుగుప్స స్థాయిభావంగా, అంటే మూలభావంగా, బీభత్సాన్ని ఒక రసంగా నాట్యశాస్త్రం లెక్కపెట్టింది. అంటే అసహ్యం పుట్టడం కళ విఫలమైనట్టు కాదని ఎప్పుడో ఒప్పుకున్నారు. పల్లెల్లో పద్యనాటకం ఆడిన రాత్రి దుర్యోధనుడి పద్యానికి వన్స్‌మోర్ కొట్టినవాళ్లెవరూ ద్రౌపదికి జరిగింది న్యాయమని అనుకోరు. బడి వార్షికోత్సవంలో గద పట్టిన పిల్లాడు మయసభ ఏకపాత్ర వేస్తే అమ్మానాన్నలు ఫోన్లో వీడియో తీసుకుంటారు. ఇటు ఉత్తరాంధ్ర జానపద నాటకమైన తూర్పు భాగవతంలో తెల్లవార్లూ మద్దెల మోతకు తగ్గట్టు ఆడే సత్యభామ కూడా అణకువకు పేరుపడ్డ ఇల్లాలేమీ కాదు.

మరి దుర్యోధనుణ్ణి ఆస్వాదించేవాడు సుబ్బయ్య దగ్గర ఎందుకు తడబడతాడు? దీనికి పాత అలంకారికుడు భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం దారి చూపిస్తుంది. రంగం మీద పుట్టే భావం ఫలానా మనిషిదిగా మిగలదు, చూసేవాడి సొంత వ్యవహారమూ కాదు, అందరిదీ అవుతుంది, అందుకే దాన్ని రుచి చూడగలం. దుర్యోధనుడి అసూయ అంత దూరంలో ఉంది గనుక రుచిస్తుంది. సుబ్బయ్య భయం ఆ దూరం ఇవ్వదు. అది నేరుగా సొంత ఖాతాలోకి వచ్చి పడుతుంది. నచ్చకపోవడం అనేది చాలాసార్లు ఈ దూరం తెగిపోయినప్పుడు వచ్చే చప్పుడు.

ఇందిరకు పడ్డ మార్కులు

అనకాపల్లిలో పుట్టి డాక్టరైన పి. శ్రీదేవి 1950ల చివర ‘కాలాతీత వ్యక్తులు’ రాశారు. ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చిన ఆ నవలకు నేపథ్యం విశాఖపట్నం. ముప్పయ్యేళ్లు దాటీ దాటకుండానే, 1961లో, శ్రీదేవి చనిపోయారు. నవలలో ఇందిర ఉద్యోగం చేస్తుంది. ఇంట్లో ఆసరా కావలసిన తండ్రే ఆమెకు భారం. మేడ మీద అద్దెకుండే వైద్యవిద్యార్థి ప్రకాశం, ఇందిర స్నేహితురాలు కల్యాణి వైపు మొగ్గుతున్నాడని తెలిసీ అతన్ని తనవైపు లాక్కుంటుంది. అతనికి ధైర్యం లేదని తేలాక అక్కడే కూర్చుని ఏడవదు. జీవితం తనకు బాకీ ఉందని నమ్మి, ఆ బాకీ వసూలు చేసుకోవాలని చూస్తుంది.

ఆలోచిస్తే ఇది గిరీశం వరసే. ఏదో కావాలి, మాటకారితనం ఉంది, నిలబడ్డ చోటు ఇరుకు. గిరీశం కంటే ఒక అడుగు ముందే ఉంది కూడా, సొంత సంపాదనతో ఇల్లు నడుపుతోంది. అయినా అతను చమత్కారి అయ్యాడు, ఆమె స్వార్థపరురాలైంది. కల్యాణి మెతక, ఇందిర గడుసు అని రెండు ముక్కల్లో నవలను ముగించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ నవల ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా వచ్చింది. పుస్తకంలో ఇందిరకు ఉన్న బరువు తెర మీద మిగల్లేదు. నచ్చని ఆడమనిషిని మధ్యలో నిలబెట్టే నవలను నలుగురికీ నచ్చే సినిమా చేయాలంటే తీసేయాల్సింది ఎవరిని అన్నది అక్కడ చాలా తేలిగ్గా తేలిపోయింది.

ఈ అలవాటు ఇక్కడిదే కాదు. 2013లో అమెరికన్ రచయిత్రి క్లేర్ మెస్సూద్‌ను ఇంటర్వ్యూలో, మీ కథానాయికతో స్నేహం చేయాలని మీకుంటుందా అని అడిగారు. ‘లోలిత’ కథకుడి మొదలు ఎంతోమంది మగపాత్రల పేర్లు ఏకరువు పెట్టి, వీళ్లతో స్నేహం చేస్తారా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు.

పది నిమిషాలు, మూడు గంటలు, వారం రోజులు

ప్రక్రియ కూడా సహనాన్ని మారుస్తుంది. 1915లో శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో జీవితం గడిపిన చాసో (చాగంటి సోమయాజులు) కథ ‘ఎంపు’ ఇందుకు చక్కటి ఉదాహరణ. బిచ్చగాడు కూతురికి సంబంధం చూస్తాడు. ఆమెకు కుంటివాడంటే ఇష్టం. తండ్రి గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు, గుడ్డివాడికి ముష్టి బాగా పడుతుంది గనుక. ఆ తండ్రి లెక్క వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ లెక్క కట్నం, ఉద్యోగం చూసి అల్లుణ్ణి ఎంచుకునే పెద్దమనుషుల లెక్కే అని తట్టేసరికి కథ అయిపోతుంది. పది నిమిషాల పని. తలుపు వేసి పారిపోయే అవసరమే రాదు.

నాటకం మూడు గంటలు. అక్కడ నటుడి గొంతు, నవ్వు, కండువా సర్దుకునే తీరు పాత్రకు అప్పుగా దొరుకుతాయి. గిరీశం బాకీల్లో సగం నటుడే తీరుస్తాడు. నవలలో అలాంటి అప్పు పుట్టదు. మూడొందల పేజీలంటే రోజుకో గంట చొప్పున వారం రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఆ మనిషి ఇంట్లో మకాం పెట్టినట్టే. అన్నం తింటున్నప్పుడూ, బస్సులోనూ వెంట ఉంటాడు. కథలో జలదరింపుగా అనిపించింది నవలలో సణుగుడుగా అనిపించేది అందుకే.

వారపత్రికలు నేర్పిన రుచి

దీనికి తోడు చదివే అలవాటు ఎక్కడ పడిందన్నది ఒకటుంది. ఇప్పుడు యాభై దాటిన చాలామంది పాఠకులకు నవలంటే మొదట పరిచయమైంది వారపత్రిక సీరియల్‌గా. ఆరడుగుల పొడవు, కారు, పైకి కరకుదనం, లోపల వెన్న. వారం వారం పత్రిక కొనిపించాలంటే వచ్చే వారం ఆ మనిషిని మళ్లీ చూడాలనిపించాలి. ఆ రచనలు చేసిన మేలు తక్కువ కాదు, ఊరూరా అద్దె పుస్తకాల షాపులు నడిచాయి, ఇళ్లలో ఆడవాళ్లు చదువరులయ్యారు. కాకపోతే హీరో అనే మాటకు ముఖ్యపాత్ర అన్న అర్థం పోయి మెచ్చుకోదగ్గవాడు అన్న అర్థం స్థిరపడింది. సినిమా దాన్ని ఇంకా బిగించింది. అలా తయారైన మనసుతో ‘అల్పజీవి’ తెరిస్తే, రావలసినవాడి కుర్చీలో వేరెవరో కూర్చున్నట్టుంటుంది.

యాస దగ్గర తేలే తేడా

పాత్ర నచ్చడంలో భాషకూ వాటా ఉంది. సినిమాల్లో చాలాకాలం శ్రీకాకుళం యాస పనివాళ్లకూ హాస్యగాళ్లకూ పరిమితమైంది. ‘ఏటి’ అన్న మాట వినగానే బయటి జిల్లాల ప్రేక్షకుడు నవ్వడానికి సిద్ధమైపోయాడు. రావిశాస్త్రి సారా కథల్లో అదే ఉత్తరాంధ్ర భాష మాట్లాడే తాగుబోతులు, బ్రోకర్లు, కోర్టు బోనెక్కిన ఆడవాళ్లు వస్తారు. బయటివాళ్లకు వాళ్లు రంగురంగుల పాత్రలు. నచ్చడానికి ఆటంకం లేదు, ఎందుకంటే వాళ్లు తమవాళ్లు కారు, ఎవరో. ఆమదాలవలసలోనో, గజపతినగరంలోనో చదివేవారికి ఆ గొంతు సొంత పెదనాన్నది కావచ్చు. నవ్వు అంత త్వరగా రాదు. ఒకే పేజీ ఒకచోట వినోదంగా, మరోచోట ఉక్రోషంగా పనిచేస్తుందంటే, ‘నచ్చే పాత్ర’ అన్న గుణం పాత్రలో ఒక్కదానిలోనే లేదన్నమాట.

కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) కథ ‘యజ్ఞం’ చివర సీతారాముడు చేసే పని ఇలాగే చీలిపోయింది. అప్పు కింద తన కొడుకు పాలేరు కాకూడదని వాణ్ణే నరికేస్తాడు. అతను నచ్చాడా అని అడగడానికి అక్కడ తావే ఉండదు. అలా ఎందుకు చేశాడు, చేయించిందెవరు అన్న దాని మీదే ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి.

తప్పు రచయితదే అయినప్పుడు

ఇదంతా చెప్పినంత మాత్రాన విసిగించిన ప్రతి నవలా గొప్పదైపోదు. పాత్ర చిరాకు వేరు, రాత చిరాకు వేరు. రెండిటినీ విడదీయడానికి ఒక మోటు పరీక్ష ఉంది: పాత్ర గురించి పాఠకుడికి తెలిసినంత పుస్తకానికీ తెలుసా? ముఖ్యపాత్ర భార్యను అవమానిస్తాడు, సరే. ఆ తర్వాత పేజీలో ఆమె ఎలా కూర్చుంది, ఏం వండింది, ఎవరితో మాట్లాడ్డం మానేసింది అన్నది రచయిత చూస్తున్నాడా? చూస్తుంటే పుస్తకానికి తెలుసు. ఆమెను గదిలోంచి పంపేసి, అతని బాధను మాత్రమే మరో పది పేజీలు వర్ణిస్తే రచయితే అతని వకీలైపోయాడు. రాసేది ఏ మంచికి హాని చేస్తుందో, ఏ చెడ్డకు ఉపకారం చేస్తుందో రచయిత ఆలోచించుకోవాలన్నారు రావిశాస్త్రి. ఆయన ఉద్దేశం చెడ్డవాళ్లను రాయొద్దని కాదు. ఆయన కథల నిండా ఉన్నది వాళ్లే. వకీలు పని చేయొద్దని.

ఇంకో గుర్తు కూడా ఉంది. పాత్ర ఒకే తప్పును ఒకే రీతిలో ఆరోసారి చేస్తుంటే, ఆ ఆరోసారి ఏదైనా కొత్తగా తెలిసిందా అని చూడాలి. తెలియకపోతే పుస్తకం మూసేయడంలో తప్పేమీ లేదు. ఈ రెండు పరీక్షలూ తట్టుకున్న నవలను మాత్రం చిరాకు వచ్చిన చోట కాసేపు ఆపి, ఆ చిరాకు సరిగ్గా ఏ వాక్యం దగ్గర మొదలైందో వెనక్కి వెళ్లి చూడడం పనికొస్తుంది. సాధారణంగా అది పాత్ర పెద్ద తప్పు చేసిన చోట ఉండదు. ఏదో చిన్న మాట దగ్గర, సుబ్బయ్య ఎవరికో అనవసరంగా నవ్విన చోటో, ఇందిర అద్దంలో చూసుకున్న చోటో ఉంటుంది.

కొత్తగా ఇటువైపు వచ్చేవారు నేరుగా నవలతో మొదలుపెట్టనక్కర్లేదు. ముందు ‘ఎంపు’, తర్వాత బొంకులదిబ్బ రంగం, ఆ తర్వాత ‘కాలాతీత వ్యక్తులు’, అప్పుడు ‘అల్పజీవి’ అనే వరస తేలిక. పాత కథల కోసం శ్రీకాకుళంలో 1997లో కారా మాస్టారు మొదలుపెట్టిన కథానిలయం ఉంది. ‘అల్పజీవి’ని ఒక్క బిగిన చదవాలని పంతం పట్టకుండా రోజుకు ఇరవై పేజీలు పెట్టుకుంటే సరిపోతుంది. సుబ్బయ్యకీ అంతకంటే ఎక్కువసేపు ఒకరి ముందు నిలబడే ధైర్యం లేదు.